ఒత్తును మింగేసిన ఎకో

పోయిన వేసవిలో మా మేనకోడలు ఒక జోలపాట పాడి, ఇంట్లోనే లాప్‌టాప్‌లో రికార్డు చేసి నాకు పంపింది. గొంతు బాగుంది, శ్రుతి తప్పలేదు. కానీ "నిద్దురపో" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చెవికి ఏదో అడ్డం పడుతోంది. మూడోసారి విన్నాక పట్టుకున్నాను. ఆ మాటలో ఒత్తు లేదు. "నిద్దుర" కాస్తా "నినిదుర"లా వినిపిస్తోంది.

"ఎకో ఎంత పెట్టావమ్మా?" అని అడిగాను.

"120 మిల్లీసెకన్లే మామయ్యా. పాత టేపు ఎకోలాగా ఉంటుందని పెట్టాను" అంది.

ఆ అంకెలో తప్పేమీ లేదు. కానీ తను పెట్టింది టేపు ఎకో కాదు, మామూలు డిజిటల్ డిలే, అంటే శబ్దాన్ని అంకెల రూపంలో కాసేపు దాచి తిరిగి వినిపించేది. ఈ రెండింటి మధ్య తేడా అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

"ద్దు" అనేటప్పుడు నాలుక పళ్ల వెనక ఆనుకుని, ఒంటి "దు"కి ఆగినదానికంటే చాలా ఎక్కువసేపు అక్కడే ఆగుతుంది. అంతసేపూ శబ్దం దాదాపు ఆగిపోతుంది. పక్క, అట్టు, చెప్పు లాంటి మాటల్లో మన చెవి ఒత్తును గుర్తుపట్టేది ఆ చిన్న ఖాళీని బట్టే. సరిగ్గా ఆ ఖాళీలోకి ఎకో వచ్చి "ని" అని మళ్లీ అంటే ఒత్తు పూడిపోతుంది. ఒత్తులు లేకుండా రెండు ముక్కలు మాట్లాడలేని భాష మనది. కాబట్టి ఎకో ఎంచుకునేటప్పుడు మనం ఇంకాస్త జాగ్రత్తపడాలి.

టేపు రికార్డరులో టేపు ముందు శబ్దాన్ని దాని మీద రాసే రికార్డు హెడ్డును, తర్వాత దాన్ని చదివి వినిపించే ప్లే హెడ్డును దాటుకుంటూ వెళ్తుంది. పాడిన మాట మొదటి హెడ్డు దగ్గర టేపుకెక్కి, రెండో హెడ్డు దాకా ప్రయాణించాక వినిపిస్తుంది. ఆ ప్రయాణానికి పట్టే సమయమే ఎకో. స్టూడియో యంత్రంలో టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు నడుస్తుంది. హెడ్ల మధ్య దూరం 5 సెంటీమీటర్లు అనుకుంటే, ఎకో 130 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. వేగం సగం చేస్తే 260. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కనుక, 130 మిల్లీసెకన్లంటే మనకు 22 మీటర్ల దూరంలో ఉన్న గోడకు తగిలి తిరిగొచ్చే మాట. అంత పెద్ద హాలును ఐదు సెంటీమీటర్ల టేపులో ఇరికించారన్నమాట. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

అమెరికాలోని మెంఫిస్‌లో సన్ స్టూడియో నడిపిన శామ్ ఫిలిప్స్ చేసింది ఇదే. 1954లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డులు అక్కడే తయారయ్యాయి. ఫిలిప్స్ పాటను ఒక ఆంపెక్స్ కంపెనీ టేపు యంత్రం మీద రికార్డు చేస్తూ, రెండో యంత్రం గుండా ఆలస్యంగా వచ్చిన శబ్దాన్ని దానికి కలిపేవాడు. ఒక్కసారి మాత్రమే పలికి ఆగిపోయే ఆ పొట్టి ఎకోకి స్లాప్‌బ్యాక్ అని పేరు. మా మేనకోడలి మనసులో ఉన్నది ఆ ధ్వనే. మరి అక్కడ మాట మీద మాట పడకుండా ఎందుకు ఉంది?

ఎందుకంటే టేపు తను విన్నదంతా తిరిగి చెప్పలేదు. సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడిచే టేపు మీద 10,000 హెర్ట్జ్ (సెకనుకు పది వేల తరంగాల) ధ్వనిలో ఒక్కో తరంగానికి దక్కే చోటు 19 మైక్రాన్లు. వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. హెడ్డుకి అంటిన కాస్త దుమ్ము చాలు, హెడ్డు రవ్వంత అరిగితే చాలు, అంత సన్నటి తరంగం చదవడం కష్టమైపోతుంది. అందుకే ముందు పోయేది పై స్థాయి ధ్వని. స, చ, త లాంటి హల్లుల పదునంతా ఉండేది అక్కడే. పదును పోయిన "ని" ఒత్తు ఖాళీలోకి వచ్చి పడినా, కొత్త అక్షరంలా తోయదు, వెనక నీడలా ఉండిపోతుంది. ఒత్తు మీద దాని భారం అంతగా పడదు.

ఇంకో సంగతి. టేపు మీది అయస్కాంత రేణువులు ఒక హద్దు దాకానే శబ్దాన్ని పట్టుకుంటాయి. గట్టిగా పాడిన చోట శబ్ద తరంగాల శిఖరాలు నలిగి గుండ్రబడతాయి. పైగా టేపును లాగే ఇరుసు, దాన్ని అదిమే రబ్బరు చక్రం ఎంత బాగా చేసినా కొంచెం ఊగుతాయి, దాంతో ఎకో శ్రుతి వెంట్రుకవాసి అటూ ఇటూ కదులుతుంది. డిజిటల్ డిలే ఏ మెరుగులూ దిద్దకుండా వదిలేస్తే, ప్రతిసారీ అచ్చు అదే మాటను అదే పదునుతో అప్పజెబుతుంది. అసలు గొంతుతో పోటీ పడుతుంది. టేపు ఎకో పోటీ పడదు. ఇంజినీర్లు ఏళ్ల తరబడి తగ్గించాలని చూసిన లోపాలే పాటకు పనికొచ్చాయి.

ఎకో కోసమే పుట్టిన యంత్రాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో ఎకోప్లెక్స్, ఇంగ్లండులో కాపీక్యాట్, ఇటలీలో టేపుకు బదులు తిరిగే అయస్కాంత డ్రమ్ము వాడిన బిన్సన్ ఎకోరెక్. నా అభిమానం మాత్రం జపాన్‌లో రోలాండ్ కంపెనీ 1974లో తెచ్చిన ఆర్ఈ-201 స్పేస్ ఎకో మీదే. మూత తీస్తే లోపల చక్రాలకు చుట్టిన టేపు కనపడదు. రెండు కొనలూ అతికించిన ఒక టేపు లూపు, పారదర్శకమైన పలక కింద లోతులేని అరలో, గిద్దలోంచి పడిన జంతికల పిండిలా మెలికలు మెలికలుగా పడి ఉంటుంది. ఒకవైపు నుంచి టేపు వచ్చి మడతల మీద మడతలు పడుతుంటే, రెండోవైపు నుంచి యంత్రం మెల్లగా లాక్కుంటూ ఉంటుంది. వదులుగా ఉండటం వల్ల టేపు మీద లాగుడు తక్కువ. రికార్డు హెడ్డు తర్వాత ప్లే హెడ్లు మూడు. ఏ హెడ్డు, ఏ జత వినిపించాలో తిప్పుకోవడానికి పన్నెండు స్థానాల మీట.

అందులో ఇంటెన్సిటీ అని ఒక నాబ్ ఉంది. ప్లే హెడ్డు నుంచి వచ్చిన శబ్దంలో ఎంత భాగం మళ్లీ టేపు మీదికి పంపాలో అది చెబుతుంది. సగం పంపితే రెండో ఎకో మొదటిదాంట్లో సగం, మూడోది నాలుగో వంతు, అలా కరిగిపోతుంది. వచ్చినదంతా పంపితే అది ఆగదు. మైకును స్పీకరు ముందు పెడితే కూత పెడుతుందే, అదే పని. కాకపోతే టేపు ఒక హద్దు దాటి మోయలేదు కాబట్టి, కూత గుండ్రంగా ఉప్పొంగి అక్కడే తిరుగుతుంది. జమైకాలో లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో ఈ యంత్రాన్ని ఒక వాద్యంలాగే వాయించాడు. రికార్డయిన రెగే పాటల్ని ఎకోలతో మళ్లీ మలిచే ఈ పద్ధతిని డబ్ అంటారు. డబ్ సంగీతం చేసినవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు పాటంతటికీ ఎకో పెట్టి వదిలేసేవాళ్లు కాదు. ఒక్క మాటను, ఒక్క డ్రమ్ము దెబ్బను ఎకోలోకి విసిరి, వెంటనే తలుపు మూసేసేవాళ్లు.

మన పాటకు ఇది చక్కగా కుదురుతుంది. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. పాదం చివర సాగదీసిన "ఓ", "ఆ" లాంటి అచ్చులకు ఎకో ఎంత తగిలించినా పోయేదేమీ లేదు, అక్కడ పూడిపోవడానికి ఒత్తు లేదు. పద్య నాటకంలో నటుడు పద్యం చివర రాగం తీసేటప్పుడు మైకులో ఎకో ఎంత నిండుగా ఉంటుందో, అదే ఎకో పద్యం మధ్యలో సమాసాల్ని ఎలా ముద్ద చేస్తుందో విన్నవాళ్లకు తెలుసు. వినాయక చవితి పందిట్లో హరికథ చెబుతుంటే మైకుసెట్టు దగ్గర కూర్చున్న కుర్రాణ్ని "బాబూ, మాటలప్పుడు ఎకో తగ్గించు" అని నేనే ఒకసారి బతిమాలాను. తగ్గించాడు. వెనక వరసలో ఉన్న పెద్దాయన కూడా కథ అర్థమై తలూపడం మొదలెట్టాడు.

ఇక ఏది కొనాలి? కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాత టేపు యంత్రం జోలికి పోవద్దనే అంటాను. హెడ్లు అరుగుతాయి, రబ్బరు చక్రం గట్టిపడుతుంది, టేపు లూపు మారుస్తూ ఉండాలి, మన 230 వోల్టులకు సరిపోతుందో లేదో చూసుకోవాలి. బాగుచేసే మనిషి అందుబాటులో ఉంటే మాత్రం దానంత సుఖం ఇంకోటి లేదు. గిటారు, కీబోర్డు వాయిస్తూ చేత్తో తిప్పుకునేవాళ్లకు బాస్ ఆర్ఈ-202, స్ట్రైమన్ ఎల్ క్యాపిస్టన్ లాంటి పెడళ్లున్నాయి. లోపల డిజిటలే అయినా టేపు అరుగుదలనూ ఊగుడునూ అనుకరిస్తాయి. ఇంట్లో లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకు ప్లగిన్, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము, చాలు. అదీ లేకపోతే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే మామూలు డిలేకే పై ధ్వని కోసేసే ఫిల్టరు తగిలిస్తే సగం పని అయిపోతుంది.

మేమూ అదే చేశాం. పాట నిమిషానికి 80 దెబ్బల నడక. 60,000ని 80తో భాగిస్తే దెబ్బకి 750 మిల్లీసెకన్లు. జోలపాట ఊపు మూడు ముక్కల ఊపు కనుక, అందులో రెండు ముక్కలు తీసుకుని 500 పెట్టాం. మూడు వేల హెర్ట్జ్ పైన కోసేశాం. మళ్లీ వెనక్కి పంపేది సగానికి తక్కువే ఉంచాం. పాట పొడవునా ఎకో మూసేసి, "పో" దగ్గర మాత్రం తెరిచాం.

హెడ్‌ఫోన్ ఒక చెవికి తనూ, ఒక చెవికి నేనూ పెట్టుకుని విన్నాం. నిద్దుర అన్నప్పుడు ఒత్తు ఒత్తుగానే పలికింది. ఆ తర్వాత "పో" మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో గది అవతలికి వెళ్లినట్టు, మసకబారుతూ వెళ్లింది. నాలుగోది ఉందో లేదో ఇద్దరం తేల్చుకోలేకపోయాం.