పైకి వెళ్లడం కన్నా దిగడమే కష్టం

జెయింట్ వీల్ పైకంటా వెళ్లి కిందికి దిగుతుంటే కడుపులో జిల్లుమంటుంది కదా. అంతరిక్ష పర్యాటకులు లక్షల డాలర్లు పోసి కొనుక్కునేది ఆ అనుభూతినే. కాకపోతే అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చే ఈ పొట్టి ప్రయాణంలో అది మూడు నాలుగు నిమిషాలు ఉంటుంది. వంద కిలోమీటర్ల ఎత్తున భూమి ఆకర్షణ ఉండదని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ తగ్గేది 3 శాతమే. ఇంజిన్ ఆగాక నౌక, అందులోని మనిషి ఒకే తీరున కదులుతారు. సీటు మనిషిని నెట్టదు, అందుకే తేలిపోతాడు. నౌక ఇంకా పైకి పోతున్నప్పుడు కూడా అంతే.

ఇది పైకి విసిరిన రాయి ప్రయాణం. గాలి అడ్డు లేదనుకుంటే వంద కిలోమీటర్లు ఎగరడానికి గంటకు 5,000 కిలోమీటర్ల వేగం చాలు. భూమి చుట్టూ తిరగాలంటే 28,000 కావాలి. ఖర్చయ్యే శక్తిలో తేడా సుమారు 30 రెట్లు. చిన్న కంపెనీలు ధైర్యం చేసింది ఈ లెక్క చూసుకునే.

రెండు వారాల్లోపు ఒకే నౌకను రెండుసార్లు వంద కిలోమీటర్లు దాటించిన వాళ్లకు కోటి డాలర్లు ఇస్తామంది అన్సారీ ఎక్స్ ప్రైజ్ అనే పోటీ. ప్రభుత్వ సొమ్ము వాడకూడదు. 2004 అక్టోబర్ 4న కాలిఫోర్నియాలోని మొహావిలో స్పేస్‌షిప్‌వన్ దాన్ని గెలిచింది. దాన్ని రూపొందించిన బర్ట్ రుటాన్ ఆలోచన ఇప్పటికీ నాకు అబ్బురమే. షటిల్ కాక్‌ను ఎలా విసిరినా బరువైన తల ముందుకు తిరుగుతుంది, ఈకలు గాలిని పట్టి వేగం తగ్గిస్తాయి. ఆయన నౌకలోనూ రెక్కల వెనక భాగం తోకతో సహా పైకి మడుచుకుంటుంది. నౌక తనంతట తానే సరైన భంగిమలోకి వచ్చి, పలచటి గాలిలోనే నెమ్మదించి, పెద్దగా వేడెక్కకుండా దిగుతుంది. తర్వాత రెక్క మళ్లీ సర్దుకుంటే గ్లైడర్‌లా రన్‌వే మీద వాలుతుంది.

ఆ రెక్కే 2014 అక్టోబర్ 31న ఒక ప్రాణం తీసింది. రిచర్డ్ బ్రాన్సన్ కంపెనీ వర్జిన్ గెలాక్టిక్ కోసం తయారైన స్పేస్‌షిప్‌టూ పరీక్షలో, మాక్ 1.4 వేగం (ధ్వని వేగానికి 1.4 రెట్లు) దగ్గర తీయాల్సిన రెక్క తాళాన్ని కోపైలట్ మైకేల్ ఆల్స్‌బరీ మాక్ 0.8 దగ్గరే తీశారు. గాలి ఒత్తిడికి రెక్క పైకి మడుచుకుంది, నౌక ముక్కలైంది. ఆయన చనిపోయారు, పైలట్ బతికారు. తప్పంతా ఆల్స్‌బరీ మీదికి నెట్టడం అన్యాయం. ఒక మనిషి పొరపాటు నౌకనే కూల్చగలదన్న సంగతి డిజైన్‌లో పట్టించుకోలేదని దర్యాప్తు తేల్చింది. తర్వాత ఆ తాళం ముందుగా తెరుచుకోకుండా ఏర్పాటు చేశారు.

జెఫ్ బెజోస్ కంపెనీ బ్లూ ఆరిజిన్‌ది వేరే దారి, క్యాప్సూల్ పారాచూట్లతో దిగుతుంది. విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర 2024 మేలో వెళ్లొచ్చింది అందులోనే.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. 2021 జూలై 11న రిచర్డ్ బ్రాన్సన్‌తో పాటు ఎగిరిన మన శిరీష బండ్ల చేతిలో మొక్కలున్న గొట్టాలు ఉన్నాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం అది. బరువు ఉన్నప్పుడు, పోయినప్పుడు, తిరిగి వచ్చాక మొక్క జన్యువులు ఎలా స్పందిస్తాయో పట్టుకోవాలని వాళ్ల ప్రయత్నం. అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి పెరిగిన మొక్క అక్కడి పరిస్థితికి అలవాటు పడిపోయి ఉంటుంది. బరువు పోయిన ఆ మొదటి నిమిషంలో దానికేమైందో చెప్పగలిగేది ఇలాంటి పొట్టి ప్రయాణమే.