పునాది కింద ఇసుకకూ ఓ చదువుంది

విజయవాడలో ఫ్లాటు కొనేవాళ్లు వాస్తు చూస్తారు, మంచినీళ్ల సంగతి అడుగుతారు, లిఫ్టు ఏ కంపెనీదో కనుక్కుంటారు. పునాది కింద ఎన్ని అడుగుల లోతున ఏముందని అడిగేవాళ్లు అరుదు. ఆ ప్రశ్న మీదే బతుకంతా పనిచేసే రంగం భూకంప జియోటెక్నికల్ ఇంజినీరింగ్. మన సివిల్ విద్యార్థులు దీనివైపు ఎక్కువగా రావాలని నా కోరిక. దానికి కారణం మన ఊరే.

ఇంద్రకీలాద్రి దగ్గర, మొగల్రాజపురంలో రాయి పైకే కనిపిస్తుంది. కాస్త దూరం వెళ్తే కృష్ణలంక, అక్కడంతా నది తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం మన దేశం పెట్టుకున్న ఐఎస్ 1893 ప్రమాణం 2016 కూర్పు ప్రకారం నగరమంతా మూడో జోనే, అంటే ఓ మోస్తరు ముప్పున్న ప్రాంతమే. భూమి కదిలితే మాత్రం కొండ పక్క ఇల్లూ, ఏటి ఒడ్డు ఇల్లూ ఒకేలా ఊగవు. 1985లో మెక్సికో సిటీకి భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల పైనే ఉంది. అయినా పాత సరస్సు అడుగున మిగిలిన మెత్తటి బంకమట్టి ఆ కదలికను ఎన్నో రెట్లు పెంచి భవనాలను కూల్చింది.

ఇసుకది ఇంకో రకం ప్రమాదం. కుంచంలో బియ్యం పోసి కుదిపితే గింజలు సర్దుకుని కిందికి దిగుతాయి కదా, వదులుగా ఉన్న ఇసుకా అలాగే దిగబోతుంది. రేణువుల మధ్య నీళ్లుంటే, కుదుపు ఆగేలోపు ఆ నీటికి బయటపడే వ్యవధి ఉండదు. నీటి పీడనం పెరిగి రేణువుల మధ్య ఒరిపిడి పోతుంది. కాసేపు ఆ నేల ద్రవంలా ప్రవర్తిస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్లు పెద్దగా పగుళ్లు లేకుండానే పక్కకు ఒరిగిపోయాయి. “పైల్స్ (నేలలోకి లోతుగా దింపే స్తంభాలు) వేశాంగా, భయమేంటి?” అంటారు బిల్డర్లు. 2001 భుజ్ భూకంపంలో కాండ్లా ఓడరేవు కార్యాలయ భవనం పైల్స్ మీద ఉండి కూడా ఒరిగింది.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టే పరీక్ష మన సైట్లలో రోజూ జరిగేదే. బోరులోకి గొట్టం దింపి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. అదే ఎన్ విలువ. నీటిమట్టం కింద, శుభ్రమైన ఇసుకలో పదికి లోపే వచ్చిందంటే ఆగి ఆలోచించాల్సిందే. ఆ విలువ నుంచి ముప్పును అంచనా వేసే పద్ధతిని 1971లో సీడ్, ఇద్రిస్ అనే ఇంజినీరింగ్ పరిశోధకులు ఇచ్చారు. దాన్ని సవరించుకుంటూ నేటికీ వాడుతున్నారు. సుత్తిని సరైన ఎత్తు నుంచి వదలకపోతే లెక్కంతా తప్పుతుంది. అందుకే డ్రిల్లింగ్ కుర్రాళ్ల పక్కన ఎండలో నిలబడని పరిశోధకుడి పేపరును నేను పూర్తిగా నమ్మను.

దారి చెప్పాలంటే, బీటెక్ సివిల్ తర్వాత గేట్, ఎంటెక్, పీహెచ్‌డీ. 1960 నుంచి రూర్కీలో భూకంప ఇంజినీరింగ్ చెబుతున్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ పరిశోధన కేంద్రం ఉంది. ల్యాబ్‌లో రబ్బరు తొడుగు వేసిన ఇసుక స్తంభాన్ని పదేపదే నొక్కుతూ నీటి పీడనం ఎప్పుడు ఎగబాకుతుందో చూస్తూ కూర్చోవాలి. ఓపిక కావాలి.

1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కదిలాయి. 2024 డిసెంబరు 4న ములుగు భూకంపం 5.3 తీవ్రతతో వస్తే ఆ ప్రకంపనలు విజయవాడకూ తెలిశాయి. ఇక్కడ ప్రతి అపార్ట్‌మెంటుకూ చేయించిన సాయిల్ టెస్టు రిపోర్టులు ప్లాను ఫైళ్లలో పడి ఉంటున్నాయి. పేర్లు తీసేసి వాటిని ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలకు ఇస్తే, ఏ వీధి కింద వదులు ఇసుక ఉందో మ్యాపు గీయడం ఒక పీహెచ్‌డీ విద్యార్థి చేయగల పనే.