లోపం పుట్టిన చోటు, బయటపడిన చోటు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

రాకెట్ ప్రయోగం విఫలమైందని వార్త రాగానే ఏ దశ, అంటే ఒకదాని తర్వాత ఒకటి మండే అంతస్తుల్లో ఏది, చెడిపోయిందని అందరూ అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే గాని, అక్కడితో ఆగిపోకూడదు. లోపం బయటపడేది ఒక దశలో, పుట్టేది అంతకుముందెప్పుడో కావచ్చు.

2021 ఆగస్టు 12న శ్రీహరికోట నుంచి ఈఓఎస్-03 ఉపగ్రహంతో జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ బయలుదేరింది. మొదటి రెండు దశలూ సక్రమంగా పనిచేశాయి. మూడోదైన క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) దశలో లోపం తలెత్తి, 307 సెకన్ల వద్ద ప్రయోగం ఆగిపోయింది. మైనస్ 253 డిగ్రీల వద్ద ఉండే ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వు లీకవడంవల్ల, రాకెట్ నేల విడిచినప్పటి నుంచే ట్యాంకులో ఒత్తిడి పెరగవలసినంతగా పెరగలేదనీ, అందువల్ల ఇంజను వెలిగే వేళకు దానికి ఇంధనం అందించే పంపు సరిగా పనిచేయలేదనీ విచారణ కమిటీ తేల్చింది. కింది దశలు నిప్పులు చిమ్ముతూ చక్కగా పోతున్నంతసేపూ, ఇంకా తన వంతు రాని దశలో కీడు ముదురుతూ ఉందన్నమాట.

ఒక్కొక్క దశ నూటికి 99 సార్లు నెగ్గుతుందనుకుంటే, నాలుగు దశల రాకెట్‌కు 0.99ని నాలుగుసార్లు హెచ్చించి, ప్రయోగం మొత్తం నెగ్గే అవకాశం సుమారు 0.96 అంటాం. ఒక దశలోని లోపానికీ మరో దశకూ సంబంధం లేనప్పుడే ఆ హెచ్చవేత చెల్లుతుంది. ఒకే వాల్వు ప్రయోగమంతటా పనిలో ఉంటే, దాని బాగోగులను మొదటినుంచి చివరిదాకా ఒకే వరుసగా లెక్కించాలి.

ఇంకొక చిక్కు ఉంది, నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది అదే. 2017 ఆగస్టు 31న పీఎస్ఎల్‌వీ-సీ39 రాకెట్‌లో ఉష్ణకవచం, అంటే గాలి రాపిడి వేడి నుంచి ఉపగ్రహాన్ని కాపాడే తొడుగు, విడిపోలేదు. ఉపగ్రహం దాని లోపలే చిక్కుకుపోయింది. దట్టమైన గాలిలో వెళ్లేటప్పుడు ఆ కవచం ఊడిపోవడమే వైఫల్యం. గాలి పలచబడ్డాక ఊడకపోవడం వైఫల్యం. కాబట్టి ఒక భాగం బాగుందా లేదా అన్నది ప్రయాణంలో ఏ ఘట్టమో చెప్పకుండా తేల్చలేం.

జీఎస్ఎల్‌వీ విషయంలో కమిటీ వాల్వును పటిష్ఠం చేయమనడంతో ఆగలేదు. ఇంజను వెలిగే ముందే ట్యాంకులో చాలినంత ఒత్తిడి ఉండేలా ప్రత్యేక ఏర్పాటు చేయమని సూచించింది. 2023 మే 29న జీఎస్ఎల్‌వీ-ఎఫ్12 ఎన్‌వీఎస్-01 ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో నిలిపింది.

మీరు ఏ యంత్రాన్ని పరిశీలించినా కాగితం మీద అడ్డంగా పని జరిగే ఘట్టాలనూ నిలువుగా భాగాలనూ రాసి, ఆ ఘట్టంలో ఆ భాగం ఏం చేయాలో ప్రతి గడిలో నింపండి. తన వంతు రాని భాగానికి ఎదురుగా ఉన్న గడిని మాత్రం ఖాళీగా వదలకండి.

ఇట్లు,
మీ తాతయ్య