లిస్ప్ ప్రాసెసర్ల డిజైన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లిస్ట్ మొదటి అంశాన్ని ఇచ్చే కార్, మిగతా లిస్ట్‌ని ఇచ్చే కుడర్‌లకు సొంత ఇన్‌స్ట్రక్షన్లు పెడితే లిస్ట్ ప్రాసెసర్ తయారైనట్టే.

వాస్తవం: ఈ రెండు పేర్లూ ఐబీఎం 704 కంప్యూటర్ నుంచి వచ్చినవి. ఆ మెషిన్ లిస్ప్ కోసం పుట్టింది కాదు. దాని 36 బిట్ల వర్డ్‌లో 15 బిట్ల అడ్రస్ భాగం, 15 బిట్ల డిక్రిమెంట్ భాగం ఉండేవి కాబట్టి ఒక కన్స్ సెల్ (కార్, కుడర్‌ల జత) ఒకే వర్డ్‌లో ఇమిడిపోయేది. ఇవాళ్టి మామూలు ప్రాసెసర్లలో కూడా కార్ అంటే ఒక్క లోడే, అంటే మెమరీని ఒక్కసారి చదవడమే. 64 బిట్ల ఎస్‌బీసీఎల్ అనే లిస్ప్ కంపైలర్‌లో లిస్ట్ పాయింటర్ చివరి బిట్లలో 7 అనే ట్యాగ్ (టైప్‌ని చెప్పే గుర్తు) ఉంటుంది. కార్‌ని -7 ఆఫ్‌సెట్‌తో, కుడర్‌ని +1 ఆఫ్‌సెట్‌తో చదువుతారు. ట్యాగ్‌ని విడిగా తీసేయాల్సిన పనే లేదు.

హార్డ్‌వేర్ గెలిచేది టైప్ చెక్ దగ్గర. సింబాలిక్స్ 3600 అనే లిస్ప్ కంప్యూటర్‌లో రెండూ పూర్ణాంకాలే అనుకుని కూడిక మొదలయ్యేది, అదే సమయంలో పక్కన ట్యాగులు సరిచూసేవారు. తేడా వస్తే ఫలితాన్ని పారేసి మైక్రోకోడ్‌కి (ప్రాసెసర్ లోపలి చిన్న ప్రోగ్రామ్‌కి) ట్రాప్. స్పార్క్ ప్రాసెసర్లలోని ట్యాగ్డ్ యాడ్ ఇన్‌స్ట్రక్షన్ చేసేదీ దాదాపు ఇదే.

అపోహ: క్లాక్ పెంచితే లిస్ట్ నడక వేగం పెరుగుతుంది.

వాస్తవం: ఒక సెల్ చదివితేగానీ తర్వాతి సెల్ ఎక్కడుందో తెలియదు. 16 బైట్ల సెల్స్ పక్కపక్కన ఉంటే 64 బైట్ల క్యాష్ లైన్‌లో నాలుగు పడతాయి. మెమరీ అంతటా చెదిరిపోయి ఉంటే ఒక్కో సెల్‌కి ఒక్కో మిస్, అంటే క్యాష్‌లో దొరక్క మెయిన్ మెమరీకి (డీర్యామ్‌కి) వెళ్లడం. డీర్యామ్‌కి వెళ్లి రావడానికి 100 నానోసెకన్లు అనుకుంటే, 10 లక్షల సెల్స్‌కి 0.1 సెకను. ఏఎల్‌యూ (లెక్కలు చేసే భాగం) ఎంత గొప్పదైనా ఆ లెక్క మారదు.

ఎఫ్‌పీజీఏ (కావాల్సిన సర్క్యూట్‌గా మలుచుకోగల చిప్) మీద చేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. జైలింక్స్ 7 సిరీస్ చిప్‌ల లోపలి మెమరీ అయిన బ్లాక్ ర్యామ్‌లో ఔట్‌పుట్ రిజిస్టర్ ఆన్ చేస్తే క్లాక్ పెరుగుతుంది, కానీ ఒక్కో రీడ్‌కి 2 క్లాకులు పడతాయి. క్లాక్ రెట్టింపు అయితే తప్ప లిస్ట్ నడకకి అది నష్టమే. అదే ర్యామ్‌ని 1024 × 36గా వాడుకోవడం మాత్రం చక్కటి వీలు: ప్యారిటీ బిట్లు కూడా డేటాకే వస్తాయి, 3600 వర్డ్ లాగే 2 కుడర్-కోడ్ బిట్లు, 6 టైప్ బిట్లు, 28 అడ్రస్ బిట్లు సరిగ్గా సరిపోతాయి.

అపోహ: కుడర్ పాయింటర్ దాచకుండా అంశాల్ని వరసగా పేర్చే కుడర్-కోడింగ్‌తో సగం మెమరీ ఉచితంగా మిగులుతుంది.

వాస్తవం: 10 అంశాల లిస్ట్‌కి 20 వర్డ్‌ల బదులు 10 చాలు, నిజమే. "తర్వాతి వర్డే నా కుడర్", "లిస్ట్ ఇక్కడితో సరి" అని ఆ 2 బిట్లే చెప్పేస్తాయి. చిక్కు కుడర్‌ని మార్చే ఆర్‌పీఎల్‌ఏసీడీ ఆపరేషన్‌తో వస్తుంది. మధ్యలో ఉన్న కుడర్‌ని మార్చాలంటే కొత్త పాయింటర్‌కి చోటు లేదు. రెండు వర్డ్‌ల కొత్త జత తీసుకుని, పాత చోట కొత్త చోటుని చూపే ఫార్వర్డింగ్ పాయింటర్ పెట్టాలి. అప్పటినుంచి ప్రతి కార్, ప్రతి కుడర్ దాన్ని చూసుకుంటూ పోవాలి. ఆ చెక్ ట్యాగ్ హార్డ్‌వేర్‌లో లేకపోతే మిగిలిన మెమరీ కంటే పోయే సమయమే ఎక్కువ. లిస్టుల్ని తరచూ మార్చే ప్రోగ్రాములకి దీన్ని వదిలేయడమే మంచిది.

అపోహ: గార్బేజ్ కలెక్షన్ (వాడకంలో లేని మెమరీని తిరిగి తీసుకోవడం) సాఫ్ట్‌వేర్ పని, చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: చివరికి వాయిదా వేస్తే ట్యాగులో బిట్ మిగలదు, లోడ్ దారిలో కంపేరేటర్‌కి (పోల్చే సర్క్యూట్‌కి) చోటుండదు. 1978లో హెన్రీ బేకర్ ప్రచురించిన పద్ధతిలో వాడుకలో ఉన్న సెల్స్‌ని పాత స్పేస్ నుంచి కొత్త స్పేస్‌కి కాపీ చేయడం కొంచెం కొంచెంగా జరుగుతుంది. అందుకే చదివిన ప్రతి పాయింటర్ పాత స్పేస్‌లోదా అని అడగాలి. సాఫ్ట్‌వేర్‌లో అయితే అది లోడ్ లోడ్‌కీ అదనపు ఇన్‌స్ట్రక్షన్లు. హార్డ్‌వేర్‌లో అయితే డేటా వస్తుండగానే తేలిపోతుంది. ఎంఐటీలో తయారైన స్కీమ్-79 చిప్ కలెక్టర్‌ని మైక్రోకోడ్‌లోనే పెట్టుకుంది. వర్డ్ ఫార్మాట్ కాగితం మీద పెట్టే రోజే కలెక్టర్‌కి ఏ బిట్లు కావాలో రాసుకోండి, ఇన్‌స్ట్రక్షన్ సెట్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.