చార్టులో అన్నీ చెప్పిన అవ్వకు ఆటో ఎందుకు కనపడలేదు? వయసు, చూపు, మెదడు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో కంటి పరీక్షలు చేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. పెద్దవాళ్లూ, వాళ్లను వెంటబెట్టుకొచ్చే పిల్లలూ చెప్పే కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినపడుతుంటాయి. వాటిలో నేను కూడా నమ్మినవి ఉన్నాయి.

అపోహ: పొర తీయించి అద్దాలు పెట్టిస్తే ఇక అన్నీ కనపడతాయి.

పనిలో చేరిన కొత్తలో పొదలకూరు వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. రెండు కళ్లకూ శుక్లం ఆపరేషన్ అయింది. చదువు రాదు కాబట్టి ఇంగ్లీషు ‘E’ గుర్తుల చార్టు పెట్టాను. కొమ్ములు ఎటు తిరిగాయో చేత్తో చూపిస్తూ ఆఖరి వరస దాకా దిగింది. “మరి మద్రాసు బస్టాండు కాడ రోడ్డు దాటబోతే, ఆటో మీదకొచ్చిందాకా కనపడలా నాయనా” అంది. “నీ కళ్లు బంగారంలా ఉన్నాయవ్వా” అని పంపించేశాను.

కళ్ల వరకు నేను చెప్పింది నిజమే. కానీ చార్టు పరీక్ష ఎలా ఉంటుంది? గది నిశ్శబ్దంగా ఉంటుంది. తెల్ల బోర్డు, నల్ల గుర్తులు, ఒక్కొక్కటే అడుగుతాం, కావలసినంత సేపు చూడనిస్తాం. రోడ్డు మీద అలా ఎవరు ఆగుతారు? ఎదురుగా బస్సు, పక్కనుంచి ఆటో, చెవిలో హారన్, చేతిలో సంచీ. కళ్లు తిప్పకుండా, తల తిప్పకుండా, ఒక్క చూపులో మెదడు ఎంత మేర పట్టుకోగలదో ఆ మేర వయసుతో కుంచించుకుపోతుంది. పక్కనున్న ఆటో బొమ్మ కంట్లో పడుతుంది, మెదడు దాన్ని లెక్కలోకి తీసుకునేసరికి ఆలస్యమైపోతుంది. అమెరికాలో కార్లీన్ బాల్ బృందం పెద్దవయసు డ్రైవర్లను పరీక్షించి 1993లో చెప్పింది కూడా ఇదే: వాళ్ల యాక్సిడెంట్లతో గట్టిగా ముడిపడింది చార్టు చూపు కాదు, ఈ మేర.

కంటి వాటా అసలు లేదని కాదు. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం (లెన్స్) పచ్చబడుతుంది. అరవై ఏళ్ల కంట్లో వెనకుండే తెరకు, అంటే రెటీనాకు, చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతు. అందుకే వంటింట్లో నలభై వాట్ల బల్బు సరిపోతుందని వాదించే కొడుకులను నేను కాస్త గట్టిగానే మందలిస్తాను.

అపోహ: వయసొస్తే చూసి పట్టుకోవడం అన్నిట్లోనూ మందగిస్తుంది.

చాటలో బియ్యం పోసి చూడండి. నల్లరాయి ఉంటే డెబ్బై ఏళ్లావిడా, కాలేజీ పిల్లా ఇద్దరూ ఇట్టే పట్టేస్తారు. వెదకక్కర్లేదు, అదే కంటికి తగులుతుంది. ఈ శక్తి వయసుతో పెద్దగా చెడదు. అదే బియ్యం రంగులోనే ఉన్న తెల్ల బెడ్డయితే గింజ గింజా చూసుకుంటూ పోవాలి. పెద్దావిడ వెనకబడేది ఇక్కడ. అయినా మొలకొలుకుల బియ్యం ఏరి ఏరి అలవాటైన చెయ్యి బెడ్డ ఎక్కడ చేరుతుందో ముందే ఊహిస్తుంది. ఏం వెతకాలో తెలిసి వెతకడంలో పెద్దవాళ్ల మెదడు బాగానే నిలబడుతుంది.

అపోహ: వాళ్లకు శ్రద్ధ లేదు, పరధ్యానం.

చూడాల్సిన దానిమీద పెద్దవాళ్ల మెదడు దృష్టి బాగానే పెడుతుంది. వదిలేయాల్సిన దాన్ని వదిలేయడమే కష్టమవుతుంది. అమెరికాలో ఆడమ్ గజాలీ బృందం 2005లో ముఖాల ఫొటోలు, ప్రకృతి దృశ్యాలు కలిపి చూపిస్తూ, ఒక రకం గుర్తుపెట్టుకుని రెండోది వదిలేయమని చెప్పి మెదడు స్కాన్ తీస్తే తేలింది ఇదే. రొట్టెల పండుగ జనంలో మీ నాన్న మిమ్మల్ని గుర్తుపట్టలేదంటే మిమ్మల్ని చూడక కాదు, మిగతా అందర్నీ చూస్తూ ఉండటం వల్ల. నడిచేటప్పుడు కబుర్లు చెప్పకండి అనేది కూడా ఇందుకే. మాట్లాడించగానే నడక ఆపేసే పెద్దవాళ్లు తర్వాత పడిపోయే అవకాశం ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1997లో గమనించారు.

అపోహ: మెదడు కణాలు సగం చచ్చిపోతాయి, పనిచేయడం తగ్గిపోతుంది.

సగం కాదు. ఇరవై నుంచి తొంభై ఏళ్ల మధ్య మెదడు పైపొరలో తగ్గే నాడీకణాలు సుమారు 10 శాతమని 1997లో డెన్మార్క్ వాళ్లు లెక్కగట్టారు. స్కాన్‌లో చూస్తే, పెద్దవాళ్లలో వెనక ఉండే చూపు భాగం తక్కువగా, నుదుటి వెనక భాగం ఎక్కువగా వెలగడం తరచూ కనిపిస్తుంది. కుర్రవాళ్లు నుదుటి వెనక ఒక పక్కనే ఎక్కువగా వాడే పనికి పెద్దవాళ్లు రెండు పక్కలా వాడతారని మెదడు పరిశోధకుడు రాబర్టో కబేజా 2002లో వివరించారు. అది లోటు పూడ్చుకోవడమా, పని పంపకం చెదిరిపోవడమా అని ఇంకా వాదన నడుస్తోంది. ఏదైనా, మెదడు ఎక్కువ భాగాన్ని పనిలో పెడుతోంది కాబట్టి, పెద్దవాళ్లు కూరగాయల మార్కెట్టుకు పోయొచ్చి “తల వాచిపోయింది” అంటే మాత్రం నటన అనుకోకండి.

అపోహ: ఏ తేడా వచ్చినా వయసు వల్లే.

ఇది ప్రమాదకరమైనది. ఒకామె భర్తను తీసుకొచ్చి “ఎడమ కన్ను పోయినట్టుంది” అంది. కంచంలో ఎడమ పక్క వేసినవి అలాగే వదిలేస్తున్నాడట. ఒక్కో కన్ను మూసి చూశాను, రెండూ బాగున్నాయి. ఎడమ పక్క నా వేలు ఆడిస్తే “కదిలింది” అన్నాడు. రెండు పక్కలా ఒకేసారి ఆడిస్తే కుడిది ఒక్కటే చెప్పాడు. కంటి జబ్బు కాదది. కుడి మెదడులో స్ట్రోక్ వస్తే ఎడమ పక్క ప్రపంచమే లెక్కలోంచి తప్పిపోవచ్చు. స్కాన్‌లో అదే తేలింది. ఇలాంటిది ఉన్నట్టుండి వస్తే కళ్లజోడు షాపుకు కాదు, 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. వీళ్లు నా దగ్గరికొచ్చింది నాలుగు రోజులకు.

ఎడమ వైపు తిరిగి వెతకడం అలవాటు చేయించమని ఆసుపత్రిలో చెప్పారట. ఇప్పుడామె చేపల పులుసులో ముక్క కావాలనే ఎడమ పక్క వేస్తుంది. “ముక్క వెయ్యలేదేందే?” అంటాడాయన. “ఉండాది, ఎతుక్కో” అంటుందామె.