అన్నీ ముట్లుడగడం వల్లేనా?

1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు 46 ఏళ్ల మహిళకు చికిత్స మొదలుపెట్టారు. అప్పటికి ఆమె ముఖం ఉబ్బిపోయి ఉంది. మాట బరువుగా, నెమ్మదిగా వస్తోంది. చర్మం ఎండిపోయింది. కాస్త చలిగాలి తగిలినా తట్టుకోలేకపోతున్నారు. కొత్తవారి ఎదుట పడాలంటేనే విముఖత. ముర్రే గొర్రె మెడలోని థైరాయిడ్ గ్రంథి నుంచి రసం తీసి, ఆమె చర్మం కింద సూదితో ఎక్కించారు. కొన్ని నెలల్లోనే వాపు దిగింది, మాట చురుకైంది. ఆమె మరో 28 ఏళ్లు జీవించి, 1919లో 74వ ఏట కన్నుమూశారు. అన్నేళ్లూ ఆమెకు అందిన మందు కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడవలసి వచ్చిందని ముర్రే తర్వాత లెక్క చెప్పారు.

ఈ కథ చదివినప్పుడల్లా నేను ఆమె వయసు దగ్గరే ఆగిపోతాను. 46. ఇవాళ అదే వయసులో ఉన్న స్త్రీ "ఒళ్లు బరువెక్కింది, నిద్ర సరిగా పట్టడం లేదు, దేని మీదా మనసు నిలవడం లేదు" అని చెప్పుకుంటే ఇంట్లోవారు, స్నేహితులు, ఒక్కోసారి వైద్యులు కూడా ఇచ్చే జవాబు ఒకటే. "ముట్లుడిగే వయసు కదా, ఇలాగే ఉంటుంది." చాలాసార్లు ఆ మాట నిజమే. నిజం కానప్పుడు మాత్రం, రోజుకొక చిన్న మాత్రతో సరిదిద్దగల జబ్బు ఆ మాట చాటున ఏళ్ల తరబడి దాగి ఉండిపోతుంది.

థైరాయిడ్ జబ్బులకూ నడివయసు స్త్రీలకూ ఏదో ముడి ఉందని వైద్యులు మొదటినుంచీ గమనిస్తూనే ఉన్నారు. పెద్దవారిలో థైరాయిడ్ మందగించినప్పుడు కనిపించే మార్పులను 1873లో వర్ణించిన విలియం గల్, తన వ్యాసం శీర్షికలోనే "స్త్రీలలో" అన్న మాట చేర్చారు. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో, ఇప్పుడు ఆయన పేరుతోనే పిలిచే థైరాయిడ్ జబ్బును నలుగురు రోగుల్లో గుర్తించారు. నలుగురూ నడివయసు స్త్రీలే. అయితే ముట్లుడగడమే థైరాయిడ్‌ను పాడుచేస్తుందా?

జవాబు వెతకాలంటే ముందు ఈ రెండు వ్యవస్థలూ ఎంత దగ్గరి చుట్టాలో చూడాలి. మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. అండాశయాలకు ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోనుతో, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ అనే హార్మోనుతో అది కబురు పంపుతుంది. రెండూ రెండేసి గొలుసులు కలిసి ఏర్పడిన ప్రోటీన్లు. వాటిలో ఒక గొలుసు రెండింటిలోనూ అచ్చంగా ఒకటే. తేడా అంతా రెండో గొలుసులో ఉంది. కబురు అందుకున్న గ్రంథి సరిగా పలకకపోతే పీయూష గ్రంథి గొంతు పెంచుతుంది. అండాశయాల్లో అండాల నిల్వ అడుగంటి, అక్కడ తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోయినప్పుడు ఎఫ్ఎస్‌హెచ్ పెరిగేది అందుకే. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరిగేదీ అందుకే. పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. అండాశయాలు పని చాలించడం ప్రతి స్త్రీ జీవితంలోనూ, ఎక్కువ మందికి 45, 55 ఏళ్ల మధ్య జరిగేదే. థైరాయిడ్‌కు అలాంటి గడువేమీ లేదు. ఏ వయసులో చతికిలబడినా అది జబ్బే.

ఈశాన్య ఇంగ్లండులోని వికమ్ ప్రాంతంలో 1970ల తొలి సంవత్సరాల్లో 2,779 మంది పెద్దలను పరీక్షించిన అధ్యయనం ఒకటి ఉంది. థైరాయిడ్ గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం దాని చలవే. మగవారిలో వయసుతోపాటు టీఎస్‌హెచ్ పెరగలేదు. ఆడవారిలో 45 ఏళ్లు దాటాక స్పష్టంగా పెరిగింది. ఇంతవరకే చదివితే నేరం ముట్లుడగడం మీదికే పోతుంది. కానీ పరిశోధకులు మరో అడుగు వేశారు. రక్తంలో థైరాయిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు ఉన్నవారిని పక్కనపెట్టి మళ్లీ లెక్క చూశారు. 45 తర్వాత కనిపించిన ఆ పెరుగుదల దాదాపు మాయమైపోయింది.

ఈ విషయంలో ఇంతకంటే విలువైన ఆధారం నాకు కనిపించలేదు. యాంటీబాడీలు లేని స్త్రీకి ముట్లుడిగినంత మాత్రాన థైరాయిడ్ మందగించదు. దెబ్బతీసేది కంచే చేను మేసినట్టు శరీర రక్షణ వ్యవస్థే తన గ్రంథి మీద తిరగబడటం. ఆ దాడి నిమ్మళంగా, ఏళ్ల తరబడి సాగుతుంది. ముప్పైల్లో మొదలైనది నలభై, యాభైల నాటికి గ్రంథిని తగినంత తినేసి బయటపడుతుంది. సరిగ్గా అదే సమయానికి నెలసరి గతి తప్పుతుంది. రెండూ ఒకే గుమ్మంలోంచి ఒకేసారి లోపలికి వస్తే, ఒకదాన్ని మరొకటి తీసుకొచ్చిందని అనుకోవడం సహజం. వికమ్‌లోనివారినే ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు, ఏటా వెయ్యి మంది స్త్రీలలో 3.5 మందికి థైరాయిడ్ దానంతటదే మందగించినట్టు తేలింది. పురుషుల్లో ఆ లెక్క 0.6 మాత్రమే.

స్త్రీల మీదే ఎందుకింత పగ? ఈస్ట్రోజెన్ రక్షణ కణాలను ప్రభావితం చేస్తుందన్నది నిజమే. నేరమంతా దానిదే అయితే, ఈస్ట్రోజెన్ పడిపోయాక ముప్పు తగ్గాలి. తగ్గడం లేదు, వయసుతో పెరుగుతూనే ఉంది. అందుకే చూపు ఎక్స్ క్రోమోజోముల మీదికి మళ్లింది. స్త్రీ కణాల్లో రెండు ఎక్స్‌లు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఎగ్జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ మూసి ఉంచుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ, దాన్ని అంటిపెట్టుకున్న ప్రోటీన్లు కలిసి రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టగలవని 2024లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలుకల మీద జరిపిన ప్రయోగాల్లో చూపించారు. అవి థైరాయిడ్ మీద చేసిన ప్రయోగాలు కావు. అయినా ఈ చిక్కుముడికి ఒక కొస అక్కడ దొరికిందని నా నమ్మకం.

ఇక లక్షణాల సంగతి. నిద్రలేమి, మతిమరుపు, దిగులు, జుట్టు ఊడటం, కీళ్ల నొప్పులు, ఒళ్లు పెరగడం. ఈ పట్టీ చూపించి ఏ జబ్బని అడిగితే ఎంత అనుభవమున్న వైద్యులైనా చెప్పలేరు. ముట్లుడిగే కాలానికీ, మందగించిన థైరాయిడ్‌కూ ఇవి ఉమ్మడి ఆస్తి. తేడా చిన్న చిన్న వివరాల్లో పట్టుబడుతుంది.

వేడినే తీసుకోండి. ముట్లుడిగే కాలంలో వచ్చే ఆవిర్లు అలలా వస్తాయి. ఛాతీ దగ్గర పుట్టి మెడ మీదుగా ముఖానికి ఎగబాకి, కొద్ది నిమిషాలు ఊపేసి, చెమట పట్టించి, ఒక్కోసారి చివర చిన్న వణుకు మిగిల్చి వెళ్లిపోతాయి. అల వెళ్లాక ఒళ్లు మామూలైపోతుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేసినప్పటి వేడి అలా వచ్చిపోయేది కాదు. పక్కవారు దుప్పటి కప్పుకొన్న గదిలోనూ ఈమెకు ఉక్కపోస్తుంది, పొద్దస్తమానం అంతే. గాఢ నిద్రలో కూడా నాడి వేగం తగ్గదు. ఆకలి బాగుంటుంది, తిండి పెరుగుతుంది, బరువు మాత్రం తగ్గుతూ పోతుంది. చేతులు ముందుకు చాపి, వేళ్ల మీద ఒక పల్చటి కాగితం పరిస్తే దాని అంచు సన్నగా అదురుతూ కనిపిస్తుంది. వైద్యులు ఏనాటి నుంచో వాడుతున్న పరీక్ష ఇది.

మందగించిన థైరాయిడ్ గుర్తులు వేరు. ఎండలో ఉన్నా చలి. మలబద్ధకం. బొంగురుపోయిన గొంతు. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు. కనుబొమల బయటి కొసలు పల్చబడటం. ఒంటి బరువు గురించి ఒక మాట చెప్పాలి. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరూ. పదిహేను కిలోలు పెరిగితే నెపమంతా ఈ చిన్న గ్రంథి మీద వేయడం న్యాయం కాదు.

నెలసరి కూడా తప్పుదారి పట్టించగలదు. థైరాయిడ్ మందగిస్తే రక్తస్రావం ఎక్కువ కావచ్చు, మితిమీరితే తగ్గిపోవచ్చు, నెలలు తప్పవచ్చు. నలభై నాలుగేళ్ల స్త్రీకి మూడు నెలలు వరుసగా తప్పితే అందరూ ముట్లుడుగుతున్నాయనే అంటారు. అది థైరాయిడ్ పని అయితే చికిత్స మొదలయ్యాక నెలసరి తిరిగి గాడిన పడుతుంది. అందుకే వరుసగా 12 నెలలు రాకపోతేనే, అదీ వేరే కారణం కనిపించకపోతేనే, ముట్లుడిగినట్టు లెక్క.

అనుమానం తీర్చేది చిన్న రక్తపరీక్ష. టీఎస్‌హెచ్ సాధారణంగా లీటరుకు 0.4 నుంచి 4 మిల్లీయూనిట్ల మధ్య ఉండాలి. ఇది ఎంత సున్నితమైన కొలత అంటే, థైరాయిడ్ తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోను రక్తంలో సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరగగలదు. గ్రంథి ఇంకా నెట్టుకొస్తున్నప్పుడే పీయూష గ్రంథి కేక వినిపిస్తుందన్నమాట. ఇంత మంచి పరీక్షనూ తికమక పెట్టేది ఒకటుంది. జుట్టు రాలుతోందని చాలామంది సొంతంగా వాడే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు. చాలా ప్రయోగశాలల్లో ఈ పరీక్ష పద్ధతిలోనే బయోటిన్ ఒక భాగం. ఒంట్లో అది మోతాదుకు మించి ఉంటే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, థైరాక్సిన్ లేనిపోని ఎక్కువగా చూపిస్తుంది. ఫలితం చూస్తే థైరాయిడ్ మితిమీరినట్టే ఉంటుంది. గ్రంథి మాత్రం నిక్షేపంగా ఉంటుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. వాడుతున్నట్టు వైద్యులకు చెప్పాలి కూడా.

అంకె కాస్త ఎక్కువగా రాగానే మాత్ర మొదలుపెట్టడం కూడా పొరపాటే. వయసు మీరేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పైకి జరగడం మామూలే. 65 ఏళ్లు దాటి, థైరాక్సిన్ మామూలుగా ఉండి, టీఎస్‌హెచ్ మాత్రమే స్వల్పంగా పెరిగిన 737 మందితో యూరప్‌లో ఒక పరీక్ష జరిపి, 2017లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి థైరాక్సిన్ మాత్ర, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. నీరసం విషయంలో గాని, ఇతర లక్షణాల్లో గాని రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు.

అవసరం లేని థైరాక్సిన్ ఊరికే పోదు. ఎముక నిత్యం కొద్దికొద్దిగా అరుగుతూ, మళ్లీ పూడుతూ ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఆ అరుగుదలకు పగ్గం. ముట్లుడిగాక పగ్గం సడలుతుంది. దానికి మితిమీరిన థైరాయిడ్ హార్మోను తోడైతే అరగడం, పూడటం రెండూ పరుగందుకుంటాయి, పూడిక వెనకబడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. 65 దాటిన స్త్రీలలో టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికి తుంటి ఎముక విరిగే ముప్పు మూడు రెట్లు ఎక్కువని 2001లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. గుండె లయ తప్పే ముప్పూ అలాంటిదే. మరోవైపు, మందగించిన థైరాయిడ్‌కు మందు లేకుండా వదిలేస్తే చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ముట్లుడిగాక అది ఎలాగూ పెరిగేదే. తక్కువైనా ఎక్కువైనా భారం పడేది ఈ వయసు మీదే.

ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారికి ఈ కాలంలో కొన్ని కొత్త చిక్కులు ఎదురవుతాయి. మాత్ర పరగడుపున, మంచినీళ్లతో వేసుకుని, ఏమైనా తినడానికి ముందు అరగంట నుంచి గంట ఆగాలన్నది వారికి తెలిసిందే. ఎముకల కోసం కొత్తగా క్యాల్షియం మొదలవుతుంది, రక్తహీనత ఉంటే ఐరన్ కూడా. ఈ రెండూ పేగులో థైరాక్సిన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పకపోవడం వల్ల, మోతాదు పెంచుకుంటూ పోయినవారు ఎందరో.

రెండో చిక్కు ఆవిర్లు తగ్గడానికి ఇచ్చే ఈస్ట్రోజెన్ మాత్రలతో వస్తుంది. రక్తంలోని థైరాక్సిన్ దాదాపు అంతా మోసుకెళ్లే ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది. పదివేల అణువులుంటే ఏ మూడో మాత్రమే విడిగా తిరుగుతుంటాయి. కణాల్లోకి చేరి పనిచేసేవి ఆ మూడే. మింగిన ఈస్ట్రోజెన్ ముందుగా కాలేయానికి చేరుతుంది. దాని ప్రభావంతో రక్తంలో ఆ మోత ప్రోటీన్లు పెరిగి, విడిగా ఉన్న థైరాక్సిన్‌ను కూడా ఎక్కించేసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఇంకొంచెం తయారుచేసి లోటు పూడుస్తుంది, మనకు తెలియనే తెలియదు. మాత్ర మీద ఆధారపడిన స్త్రీకి ఆ వెసులుబాటు లేదు. అలాంటి స్త్రీలలో ఈస్ట్రోజెన్ మొదలుపెట్టిన 12 వారాలకల్లా కొందరి టీఎస్‌హెచ్ పైకి లేచిందని, మోతాదు పెంచవలసి వచ్చిందని 2001లోనే తేలింది. చర్మం మీద అంటించే పట్టీలు, పూసే జెల్ నేరుగా కాలేయానికి పోవు కాబట్టి వాటితో ఈ ఇబ్బంది ఉండదు.

మొదలుపెట్టినప్పుడు గుర్తుపెట్టుకున్నవారు కూడా ఆపేసినప్పుడు మరిచిపోతుంటారు. నాలుగైదేళ్ల తర్వాత ఆవిర్లు తగ్గి ఈస్ట్రోజెన్ మాత్ర మానేస్తే, మోత ప్రోటీన్లు మళ్లీ తగ్గుతాయి. అప్పటిదాకా వాటిని అంటిపెట్టుకుని ఉన్న థైరాక్సిన్ విడిపడుతుంది. నిన్నటిదాకా సరిపోయిన మోతాదే ఆమెకు ఎక్కువైపోతుంది, అదీ ఎముకకు ఈస్ట్రోజెన్ అండ తొలగిపోయిన వేళలో. మానేసిన రెండు మూడు నెలలకు టీఎస్‌హెచ్ మరోసారి చూపించుకుంటే, థైరాక్సిన్ మోతాదు తగ్గించాలో లేదో తెలిసిపోతుంది.