సైలెన్సర్‌లోకి యూరియా ఎందుకు?

సూర్యాపేట దాటాక హైవే పక్కన దాబాలో టీ తాగుతున్నాను. ఎదురుగా ఆపి ఉన్న లారీ ఒకటే రొద. బండి నిలబడే ఉంది గానీ ఇంజన్ మాత్రం ఘాట్ ఎక్కుతున్నంత గట్టిగా తిరుగుతోంది. డ్రైవరేమో చెట్టు కింద నులకమంచం మీద తాపీగా కూర్చున్నాడు.

"డీజిల్ దండగ కదా అన్నా, ఆపెయ్యొచ్చుగా" అన్నాను.

"మసి కాల్చుకుంటోంది సార్. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది" అన్నాడు.

దగ్గరికెళ్లి చూశాను. డీజిల్ ట్యాంకు పక్కనే నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంది. మూత చుట్టూ ఉప్పు మడిలో గట్టు మీద పేరుకున్నట్టు తెల్లటి పొర. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. అదేంటని అడిగితే "యూరియా" అన్నాడు, అందరికీ తెలిసిందేగా అన్నట్టు.

పొలంలో చల్లే యూరియాకి లారీలో ఏం పని? ఆ సంగతి డీజిల్ ఇంజన్ మండే తీరులోనే ఉంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ లేదు. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది చూడండి, అదే కిటుకు. సిలిండర్‌లో గాలిని పదహారు పదిహేడో వంతుకు కుదించేస్తే అది 500 డిగ్రీలు దాటి కాగిపోతుంది. అందులోకి డీజిల్‌ని సన్నటి తుంపరగా చిమ్మితే తనంతట తనే అంటుకుంటుంది.

చిక్కంతా ఆ తుంపరలోనే. నడిమధ్య డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. అక్కడ సగం కాలి మసి అవుతుంది. అంచుల్లో గాలి పుష్కలం, మంట 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి, మామూలుగా దేనితోనూ కలవని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్‌లు అవుతుంది. ఊరి మీద కమ్మే పొగమంచులో, పిల్లల ఆయాసంలో వీటి వాటా ఉంది. మంట వేడి పెంచి మసి తగ్గిద్దామంటే ఈ ఆక్సైడ్‌లు పెరుగుతాయి. వేడి తగ్గిస్తే మసి పెరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నల్లపొగ కక్కే లారీని చూసి 'డీజిల్ చిమ్మే నాజిల్ బాగా లేదు' అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ నాజిల్ కొత్తదైనా ఈ పేచీ మాత్రం తప్పదు.

అందుకే ఇంజన్‌లో తెగని తగువును సైలెన్సర్‌లోకి తెచ్చారు. బండి పొగలో ఏది ఎంత ఉండొచ్చో చెప్పే 'భారత్ స్టేజ్' (బీఎస్) నిబంధనల్లో మన దేశం బీఎస్-5ని దాటవేసి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కి వెళ్లింది. ఇంజన్ చేసే ఒక్కో యూనిట్ (కరెంటు బిల్లులో ఉండే యూనిటే, అంటే కిలోవాట్ అవర్) పనికి 3.5 గ్రాముల దాకా ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్‌ల పరిమితి 0.4 గ్రాములకు పడిపోయింది. మసిని అంతకుముందు తూచేవాళ్లు. ఇప్పుడు తూచడంతో పాటు రేణువులను లెక్కపెడుతున్నారు కూడా. ఈ లెక్కతో ఫిల్టర్ లేకుండా గట్టెక్కడం కష్టమైపోయింది.

ఆ ఫిల్టర్ పింగాణీ లాంటి పదార్థంతో చేసిన తేనెపట్టు. అడ్డంగా కోసి చూస్తే వందల సన్నటి గొట్టాలు. తమాషా ఏమిటంటే ఒక గొట్టానికి ముందు మూత ఉంటే, పక్కదానికి వెనక మూత. లోపలికి వెళ్లిన పొగకి ఎదురుగా దారి ఉండదు, గోడ గుండా పక్క గొట్టంలోకి దూరాల్సిందే. గోడలోని సూక్ష్మరంధ్రాల్లోంచి వాయువు పోతుంది, మసి ఆగిపోతుంది. అలా పేరుకున్న మసిని అప్పుడప్పుడూ 600 డిగ్రీల దాకా వేడిచేసి కాల్చేయాలి. దాబా దగ్గర లారీ చేస్తున్న పని అదే. హైవే మీద ఏకధాటిగా నడిచే బండిలో ఇది చాలావరకు దారిలోనే జరిగిపోతుంది. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే బండికే అవస్థ.

ఇక యూరియా. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. వేడి పొగలోకి దీన్ని చిమ్మితే అమ్మోనియా పుడుతుంది. అది ఉత్ప్రేరకం మీద నైట్రోజన్ ఆక్సైడ్‌లతో కలిసి మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారిపోతుంది. కచ్చితంగా 32.5 ఎందుకంటే, ఆ పాళ్లలో కలిపితేనే అది అన్నిటికంటే ఆలస్యంగా, మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. రామగుండం ఎండల్లో ఆ భయం ఎవరికీ లేదు. ఇక్కడ బెంగ వేరే, డబ్బాలను ఎండలో పెడితే సరుకు త్వరగా పాడవుతుంది.

'బస్తా యూరియా తెచ్చి నీళ్లలో కలిపేస్తే పోలా' అనే ఆలోచన రావడం సహజం. 45 కిలోల బస్తా ధర, వేప పూత ఖర్చూ పన్నులూ కాకుండా, 242 రూపాయలే మరి. ఆ వేప పూతే ఇక్కడ అడ్డం. 2015 నుంచి దేశంలో రైతుకు అమ్మే యూరియా అంతటికీ వేపనూనె పట్టిస్తున్నారు. ఆ నూనె, మలినాలు కలిసి యూరియా చిమ్మే నాజిల్‌ని మూసేస్తాయి, ఖరీదైన ఉత్ప్రేరకాన్ని చెడగొడతాయి. పైగా అది రైతు సబ్సిడీ సరుకు. యూరియా అయిపోయినా, అందులో నీళ్లు కలిపినా సెన్సర్ పసిగట్టి పికప్ తగ్గించేస్తుంది.

నా లెక్కలో ఇప్పటి లారీ అంటే వెనక చిన్న రసాయన కర్మాగారాన్ని మోసుకు తిరిగే బండి. ఎలక్ట్రిక్ లారీలో ఈ కర్మాగారం మొత్తం ఎగిరిపోతుంది. అయితే దాని బదులు బరువు వచ్చి కూర్చుంటుంది. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. 300 లీటర్లంటే 3000 యూనిట్లు. ఇంజన్ దానిలో 40 శాతమే చక్రాలకు ఇచ్చినా 1200 యూనిట్లు. ఆ డీజిల్ బరువు 250 కిలోలు. అంతే పని బ్యాటరీతో చేయించాలంటే ఎనిమిది తొమ్మిది టన్నుల బ్యాటరీ కావాలి. ఈ మాట చెబితే డ్రైవర్ వెంటనే అడిగాడు: "మరి లోడు తగ్గించుకోవాలా సార్?" సరైన ప్రశ్న. బ్యాటరీ ఎన్ని టన్నులు పెరిగితే కిరాయి అన్ని టన్నులు తగ్గినట్టే. అందుకే కంపెనీలు 250, 300 యూనిట్ల బ్యాటరీతో సరిపెట్టి, సిమెంటు, బొగ్గు, పోర్టు సరుకులాంటి దగ్గరి దారుల వైపే చూస్తున్నాయి. 2025 జులైలో కేంద్రం ఒక్కో ఎలక్ట్రిక్ లారీకి 9.6 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. పాత లారీని తుక్కు చేసినట్టు సర్టిఫికెట్ మాత్రం చూపించాలి.

ఘాట్ రోడ్డు మీద మాత్రం దీని మజాయే వేరు. 40 టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు 54 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. డీజిల్ బండిలో అదంతా బ్రేకుల్లో, ఇంజన్‌లో వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ బండిలో మోటారే జనరేటరై అందులో చాలా భాగాన్ని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది.

పర్యావరణం లెక్క మాత్రం కాస్త జాగ్రత్తగా వేయాలి. లీటరుకు 3 కిలోమీటర్లు వెళ్లే లారీ కిలోమీటరుకు దాదాపు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అదే పనికి ఎలక్ట్రిక్ లారీకి 1.4 యూనిట్లు ఖర్చవుతుందనుకుంటే, బొగ్గు ఎక్కువున్న మన గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున ఇంచుమించు 1 కిలో. అంటే ఈ లెక్కన ఈ రోజుకైతే తేడా ఏమీ లేదు. సౌర విద్యుత్తు వాటా పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ లారీ పేరిట పడే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మసి, ఆక్సైడ్‌లు మాత్రం ఇవాళే ఊరి వీధుల్లోంచి తప్పుకుంటాయి. నాకైతే అదే పెద్ద లాభం.

ఇక సమయం. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు, సూర్యాపేట ఇంచుమించు సగం దారి. లోడు లారీ దారిలో చార్జింగ్‌కి ఆగాలంటే ఇక్కడే ఆగాలి. గంటకు 240 యూనిట్లు ఎక్కించే చార్జర్ ఉన్నా 300 యూనిట్లకు గంటా పావు. పది లారీలు ఒకేసారి పెడితే 2400 కిలోవాట్లు. డ్రైవర్‌తో మాట్లాడుతూ తల తిప్పి చూశాను. దాబా వెనక స్తంభాలకు బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ మీద 25 కేవీఏ అని రాసి ఉంది, అంటే మహా అయితే 25 కిలోవాట్లు. దాని మీద దాబాతో పాటు మూడు బోరు మోటార్లు నడుస్తున్నాయి.